ఎక్కువుందని కోసిన వైరు

"అమ్మమ్మా, నువ్వు యాంటెన్నాల కంపెనీల చేసినప్పుడు రెండు యాంటెన్నాలు ఒక్క సెట్టుకు ఎట్ల కలుపుతుండె? మా ల్యాబుల రెండు కలిపితే సిగ్నల్ పెరగాల్సింది పోయి తగ్గింది."

తగ్గక ఏమైతది బిడ్డా. ఉత్తగ రెండు వైర్లు తెచ్చి ముడేసి ఉంటరు. ముడేసిన్రా లేదా? ఆఁ, నాకెరుకే. సదువుకున్నోళ్ళు గూడ గదే చేస్తరు, సదువు లేనోళ్ళు గూడ గదే చేస్తరు. ఆ ఫోను జెర దగ్గరికి జరుపు. నా మాట పడ్తుందా దాంట్ల? పడ్తె మంచిదే. మల్ల మల్ల చెప్పుడు నాతోని కాదు. ఈ వైరు సంగతి చెప్పీ చెప్పీ నా సగం ఉమర్ అయిపోయింది, ఇన్నోడు ఒక్కడు లేడు.

మీ అమ్మ గప్పుడు మూడేండ్ల పిల్ల. కాదు, మూడు నిండలే, మీ మామ ఇంక పుట్టలే. అంటే ఎనభయ్యారో ఏడో అయ్యుంటది. మాది ఇస్నాపూర్ అవతల, ఎరుకే గదా. మీ తాతకు నాకు సెంటు భూమి లేదు, పటేండ్ల పొలాలల్ల నాట్లకు, కలుపులకు పోతుంటిమి. రెండేండ్లు వానలు సక్కగ పడక నాట్లే లేకుండె. గప్పుడు పటాన్‌చెరుల షెడ్లల్ల ఆడోళ్ళను తీసుకుంటున్నరని మా అనసూయ చెప్పింది. అనసూయ అంటే నా సోపతి. మా ఇంటికి మూడిండ్ల అవతల. ఇద్దరం ఒక్కటే దినం పోయినం, ఇద్దర్ని ఒక్కటే దినం పెట్టుకున్నరు. నేను ఐదు సదివిన, ఆమె అదీ లేదు. గని చెయ్యి సూడాలె ఆమెది. టంకం పెడితే మినపగింజంత పెడుతుండె, దానికి మించి ఇంత గూడ అంటకపోతుండె.

షెడ్డు పెద్దదేం కాదు. మీద సిమెంటు రేకులు, ఎండకాలం నెత్తి ఉడుకుతుండె. పన్నెండు మందిమి ఆడోళ్ళం, నలుగురు మొగోళ్ళు. శ్రీధర్ సారని, ఆయనదే కంపెనీ, ఆయనే ఇంజినీరు. మనిషి మంచోడు. నోట్ల మాట నోట్లనే ఉంటుండె. ఆయన కింద విఠల్ అని సూపర్వైజరు. ఈయన మాట మాత్రం ఊరంత ఇనబడ్తుండె. టీవీ యాంటెన్నాలు ఎక్కువ చేస్తుంటిమి. గప్పుడు టీవీ ఉన్నోళ్ళ ఇంటి మీద గొట్టాల యాంటెన్నా ఉంటుండె, గాలికి తిరిగితే ఒకడు మీదికెక్కి తిప్పుడు, ఒకడు కిందికెళ్ళి వచ్చింది వచ్చింది అనుడు. అవి కాక ఫ్యాక్టరీలోళ్ళకు వైర్లెస్ సెట్లుంటుండె. ఫోన్లు యాడివి బిడ్డా, ఉన్నా వారంల నాలుగు దినాలు సచ్చి ఉంటుండె. అందుకే సెట్లు. ఆ సెట్ల యాంటెన్నాలు గూడ మేమే చేస్తుంటిమి.

నువ్వడిగింది గదే గదా. దూరం మాట రాకపోతే ఒక్క కంబానికి ఒకదాని మీద ఒకటి రెండు యాంటెన్నాలు పెడతరు. పెట్టుడు పెద్ద పని కాదు. కలుపుడే పని. సార్ నన్ను కూసోబెట్టి చెప్పిండు. సెట్టుకు యాభై ఓములు కావాలె, అంటే వైరుల సిగ్నల్‌కు తగిలే అడ్డం లెక్క. యాంటెన్నాది గూడ యాభయ్యే. ఒకటే ఉంటే లెక్క కుదిరింది, తిప్పల లేదు. రెండు ముడేస్తే యాభై యాభై నూరు అనుకుంటం మనం. కాదు, సగమైతది. ఇరవై ఐదు. నేనడిగిన, రెండు పెడితే తక్కువెట్లయితది సార్ అని. "రెండు తొవ్వలైనయి గదా మొగులమ్మా, అడ్డం తగ్గుతది" అన్నడు. సెట్టేమో యాభై కోసం సూస్తది, ఇరవై ఐదు తగుల్తది. గప్పుడు పంపినదాంట్ల కొంత ఎనుకకు మళ్ళి దాని మీదికే వస్తది. సెట్టు కాగుతది, మాట ఖరాబ్ అయితది. మీ ల్యాబుల అయింది గదే.

దానికి ఇలాజ్ ఏందంటే, ఒక్కో యాంటెన్నాకు డెబ్బై ఐదుది వైరు కట్టాలె. కొలిచి కట్టాలె. గప్పుడు ఆ కొస యాభై ఉన్నది ఈ కొసకు వచ్చేసరికి నూట పన్నెండు లెక్క కనబడ్తది. అసొంటివి రెండు కలిపితే సగమై యాభై ఆరు. "యాభై కాలేదు గదా సార్" అన్న. నవ్విండు. "గంత దాంక సెట్టు ఓర్చుకుంటది" అన్నడు. ఆ రెండు కాళ్ళ వైరును మేము జోడి వైరు అంటుంటిమి. రెండు కాళ్ళు, నడుమ ఒక చిన్న డబ్బా, డబ్బాకెళ్ళి సెట్టుకు పొడుగు వైరు. గంతే.

కొలత ఒక్కో సెట్టుకు ఒక్కటి. నేను చెప్పే సెట్టుకు ముప్పై మూడు సెంటీమీటర్లు ఒక కొలత. వైరు ఆ కొలతకు ఒకటన్న ఉండాలె, మూడన్న ఉండాలె. రెండు మాత్రం ఉండొద్దు. రెండుంటే ఆ వైరు కట్టినా కట్టనట్టే, యాభై యాభై లెక్కనే వచ్చి కూసుంటది. ఒక్కటైతే యాంటెన్నా దాంక అందదు, అందుకే మూడు. తొంభై తొమ్మిది. మీటరుకు ఒక్క సెంటీమీటరు తక్కువ. కోసుడు నా పని, టంకం అనసూయ పని. సార్ ఒక కట్టె మీద గీతలు గీసి ఇచ్చిండు, దాని మీద పెట్టి కోస్తుంటి.

ఇంకొక పరేషాన్ ఇను. వైర్లు రెండు రకాలు గదా, యాభైది, డెబ్బై ఐదుది. రెండూ నల్లగనే ఉంటయి, రెండూ ఇంచుమించు ఒక్కటే లావు. వైరు మీద సన్నగ నెంబరు రాసి ఉంటది. యాభై తొమ్మిది అని రాసుంటే అది డెబ్బై ఐదుది. యాభై ఎనిమిది అని రాసుంటే అది యాభైది. గిట్ల ఎవడన్న రాస్తడా? డెబ్బై ఐదుది డెబ్బై ఐదని రాస్తె వాని సొమ్మేం పోయింది? నేను ప్రతి చుట్ట ఎలుతురుకు పట్టి సూసుకుంట కోసేది.

సరే, అసలు సంగతికి వస్త. బొల్లారంల ఒక మందుల ఫ్యాక్టరీ. పేరెందుకులే. వాళ్ళదే ఇంకొక యూనిటు హత్నూర దిక్కు. యాక్సిడెంట్ అయితే పోయే వ్యాను, నర్సు, అన్నీ బొల్లారంలనే. హత్నూరల ఏమన్న అయితే సెట్టు మీద చెప్పాలె, ఈడికెళ్ళి వ్యాను పోవాలె. ఒక్క యాంటెన్నాతోని హత్నూర మాట సక్కగ రాక రెండు పెట్టియ్యమన్నరు. మేము చేసినం. బిగించే పని మాది కాదు. వాళ్ళ ఫ్యాక్టరీల యాదగిరి అని కంబాలెక్కే ఆయన, ఆయనే బిగించిండు.

వారం కాంగనే మనిషి వచ్చిండు. మాట మునుపటి కంటె అధ్వానం ఉన్నదని. సార్ గప్పుడు ఊర్ల లేడు, సామాన్లకు మద్రాసు పోయిండు. విఠల్ ఏం చేయాలె? పోయి సూడాలె. పోలే. ఎండల బొల్లారం దాంక ఎవడు పోతడు, ఎవడు మీదికెక్కుతడు. ఇంకొక జోడి వైరు చేపిచ్చి పంపిండు. అది పెట్టినా గదే కత. రెండోది గూడ గట్లనే అయినంక, ఇగ మా షెడ్డుల పనే ఖరాబ్ అని వాళ్ళకు ఖాయమైంది.

గా నడుమలనే నర్సింలుకు అయింది. నర్సింలు అంటే మీ తాత బాబాయి కొడుకు, నాకు మరిది వరుస. నువ్వు సూసినవు, మీ అమ్మ పెండ్లి ఫోటోల కట్టె పట్టుకొని ఉంటడు. హత్నూర యూనిటుల చేస్తుండె. పైపు జాయింటు ఊడి కాగుతున్న కాస్టిక్ నీళ్ళు కుడి కాలు మీద పడ్డయి, తొడకెళ్ళి కింది దాంక. సెట్టు మీద చెప్పిన్రు. బొల్లారంల సెట్టు దగ్గర కూసునేది హిందీ ఆయన. ఆయనకు బుడబుడమని ఇనబడ్డది తప్ప మాట తెల్వలే. ట్యాంకర్ గురించి అడుగుతున్నరనుకొని, ట్యాంకర్ రేపొస్తదని చెప్పిండు. హత్నూరోళ్ళకు గా జవాబు గూడ సక్కగ ఇనబడక, వ్యాను వస్తుందని ఎదురు సూసిన్రు. సూసీ సూసీ, ఆఖరికి ఒక ట్రాక్టర్ ఆపి ఆ ట్రాలీల పండుకోబెట్టి సంగారెడ్డి దవాఖానకు తీసుకపోయిన్రు. ఆ గతుకుల తొవ్వ, ఆ ఎండ. పానం దక్కింది. కాలు మాత్రం ఎండుకపోయి వంకర తిరిగింది.

తెల్లారి ఫ్యాక్టరీకెళ్ళి ఇద్దరు ఆఫీసర్లు జీపేసుకొని షెడ్డుకు వచ్చిన్రు. ఈ వైరు ఎవరు చేసిన్రు అని. మేమందరం బల్లల కాడ కూసోని ఉన్నం. విఠల్ ఒక్క నిమిషం ఆలోచన చేయలే. "సార్, టంకం సరిగ్గా పట్టలేదు. ఆడోళ్ళు ముచ్చట్లు పెట్టుకుంట చేస్తే గిట్లనే ఉంటది" అన్నడు. అని అనసూయ దిక్కు సూపెట్టిండు. ఆమె లేచి నిలవడ్డది. "నా టంకం ఇప్పి సూడున్రి" అన్నది. ఇప్పుతందుకు ఆడ ఏమున్నది, వైరు బొల్లారంల ఉన్నది. "రేపటి సంది రాకు" అన్నడు. పన్నెండు మంది ముందల. ఆమె టిఫిన్ డబ్బా సంచిల పెట్టుకొని పోయింది.

నేనేం చేసిన్నో అడుగు. అడగవు, నీకు మర్యాద ఎక్కువ. నేనేం చేయలే బిడ్డా. తల వంచుకొని వైరు కోసుకుంట కూసున్న. ఎందుకంటే నాకు దడ. టంకం మంచిదని నాకెరుక, ఆమె చెయ్యి నాకెరుక. అది మంచిదైతే మరి తప్పెక్కడిది? కోసింది నేను. తొంభై తొమ్మిది కాకుంట ఇంకేమన్న కోసిన్నా? యాభై ఎనిమిది చుట్టల కోసిన్నా? గా వారం మీ అమ్మకు తట్టు పోసి ఉండె, నా మనసు ఇంటి కాడ, చేతులు షెడ్డుల. నిజంగ సూసుకొని కోసిన్నా లేదా యాదికొస్తలే. నోరు తెరిస్తే తప్పు నా మీదికి వస్తదేమోనని మూసుకొని కూసున్న. గదీ సంగతి. నా మీద నాకే గిప్పటికీ కోపం వస్తది.

దాని తెల్లారి మాపటి పూట దవాఖానకు పోయిన, నర్సింలును సూడ. బ్రెడ్డు ప్యాకెటు పట్టుకొని. మా చిన్నత్త, నర్సింలు తల్లి, మంచం పక్కన కింద కూసోని ఉన్నది. "ఎవతో టంకం పెట్టిందట మొగులమ్మా, దాని చేతులు ఇరిగిపోను, నా కొడుకు కాలు తిన్నది" అన్నది. ఊర్ల గూడ అప్పటికే పాకింది. అనసూయ బోరింగ్ కాడికి పోతే ఆడోళ్ళు బిందెలు జరుపుకుంటున్నరట. చిన్నత్త గట్ల అంటుంటే నేను మల్ల ఏమనలే. బ్రెడ్డు పెట్టి వచ్చిన.

గా తర్వాత పొద్దుగాల షెడ్డుకు జల్ది పోయి నా కొలత కట్టెను దర్జీ టేపు పెట్టి సూసిన. తొంభై తొమ్మిది, ఇంత ఫరక్ లేదు. సరే, కట్టె మంచిదే. మరి వైరు? వైరు సూడాలంటే బొల్లారం పోవాలె.

నాలుగు దినాలకు సార్ వచ్చిండు. ఆయన కుర్చీల కూసోకముందే పోయి నిలవడ్డ. విఠల్ అప్పటికే చెప్పుడు షురూ చేసిండు, టంకం, అనసూయ, తీసేసిన అని. నేనన్న, "సార్, వైరు కోసింది నేను. తప్పు నాదైతే నన్ను తీసెయ్యున్రి. గని పోయి సూడున్రి." విఠల్ అన్నడు, "నువ్వు సూస్తే ఏం తెలుస్తది?" సార్ మీటరు తీసుకున్నడు, సంచి తీసుకున్నడు. "కట్టె తీస్కో, నడువు" అన్నడు నన్ను.

బొల్లారం. ఆడికి పోతే ముక్కు మూసుకోవాలె, కండ్లు మండుతయి. గేటు కాడ వాచ్‌మెన్ ఆపిండు, ఆడోళ్ళకు మీదికెక్కనీకె పర్మిషన్ లేదని. సార్ ఒక్క మాటనే అన్నడు, "ఈమె కోసిన వైరు, ఈమెనే సూడాలె." ఇనుప నిచ్చెన, మూడంతస్తుల ఎత్తు. కొంగు నడుముకు దోపుకొని ఎక్కిన. తాటిచెట్ల ఊర్ల పుట్టిన్నని భయమేం ఉండదనుకున్న గని, నడుమకు పోయినంక నిచ్చెనను గట్టిగ పట్టుకున్న. కిందికి సూడకుంట పోయిన.

మీద సూసిన బిడ్డా. మొదలు వైరు పట్టుకొని నెంబరు సూసిన. యాభై తొమ్మిది. నా పానం సగం తిరిగొచ్చింది. తర్వాత కట్టె పెట్టి కొలిచిన. మీది కాలు తొంభై తొమ్మిది. కింది కాలు కొలిచిన. మల్ల కొలిచిన. అరవై ఆరు. ముప్పై మూడు కోసేసి ఉన్నది. కొసకు రాగి తీగలు చేతితోని మెలిపెట్టి మీద నల్ల టేపు సుట్టి ఉన్నది. అది అనసూయ టంకం కాదు, నా కోత కాదు.

యాదగిరిని పిలిచిన్రు. ఆయనకు ఇంత గూడ బెదురు లేదు. డబ్బాను కింది యాంటెన్నాకు దగ్గరగ బిగించిండట. మీది వైరు టైటుగ సరిపోయింది. కింది వైరు సుట్ట తిరిగి ఏలాడుతుంటే కంటికి మంచిగ లేకుండె, ఎక్కువుందని కోసేసిండు.

"మొదటిది కోసినవు సరే, రెండోది పంపితే?" అన్న.

"అది గూడ ఎక్కువనే ఉండె" అన్నడు.

"రెండూ ఒక్కతీరు ఎక్కువుంటే, ఎందుకు పంపిన్రో అని అనుకోలేదా అన్నా?"

"మీరు కొలవక కోసిన్రు అనుకున్న" అన్నడు.

కోసిన ముక్క ఏం చేసినవంటే, క్యాంటీన్ల గిన్నెలు తుడిచే బట్టలు ఆరేసుకుంటున్నరని సూపెట్టిండు. రెండు ముక్కలు కలిపి కట్టి ఉన్నయి. ముప్పై మూడు, ముప్పై మూడు. నాకు శానా కోపమొచ్చింది. కోసుకుంటే కోసుకున్నవు, రెండు కాళ్ళు ఒక్కతీరు గూడ కోయలే. ఒక యాంటెన్నా మాట ముందు, ఒక దాని మాట ఎనుక, రెండు కలిసి ఒకదాన్ని ఒకటి ఖరాబ్ చేసుకుంటున్నయి. దాని మీద లెక్క మొత్తం తప్పి సెట్టు కాగుతుంది. సార్ మీటరు పెడితే ముల్లు పోకూడని దాంక పోయింది.

గని బిడ్డా, యాదగిరి ఒక మాటన్నడు. "నాకు ఎవ్వలు చెప్పిన్రు సార్, కోయొద్దని?" సార్ తల ఊపిండు. "నిజమే, నేనే కాగితం రాసి పంపాల్సింది" అన్నడు. నాకది గూడ కోపమే వచ్చింది. ఎవనిది వానికి నిజమే. నర్సింలు కాలు మాత్రం ఎవరి లెక్కల పడలే.

సార్ సంచిలకెళ్ళి కొత్త జోడి వైరు తీసిండు. డబ్బాను నడుమకు జరిపి, మిగిలిన వైరును సుట్టలు తిప్పి కంబానికి కట్టిన్రు. కిందికి దిగి సెట్టు దగ్గర నిలవడ్డం. హిందీ ఆయన పిలిచిండు. హత్నూరకెళ్ళి మాట వచ్చింది, పక్క అర్రల ఉండి మాట్లాడినట్టు. నీళ్ళ ట్యాంకర్ రెండు దినాల సంది రాలేదు, తాగనీకె నీళ్ళు లేవు, ఎవరన్న ఇంటున్నరా అని తిడుతున్నడు. హిందీ ఆయన మొఖం ఎలిగింది. "సాఫ్ ఆ రహా హై" అన్నడు, మాట సాఫ్‌గ వస్తుందని. నేను బయటికొచ్చి నల్ల కాడ మొఖం కడుక్కున్న. తప్పు నాది కాదని తెలిసినంక పానం ఎంత తేలికైందో చెప్పలేను. గా వెంటనే సిగ్గు గూడ అయింది. అనసూయది కాదని ఇంత సంతోషం కాలే, నాది కాదని అయింది.

గా మాపటికే అనసూయ ఇంటికి పోయిన. వాకిట్ల బియ్యం ఏరుతుంది. సంగతంత చెప్పిన. రేపు పనికి రమ్మన్నడు సార్ అన్న. చాట పక్కకు పెట్టలే, ఏరుతనే ఉన్నది.

"ఎవరి ముందల పొమ్మన్నరో వాళ్ళ ముందల రమ్మనాలె" అన్నది.

"సార్ రమ్మన్నడు గదనే" అన్న.

"సార్ పొమ్మనలే గదా."

ఇగ సూడు. ఇంట్ల గింజలు లేవు, మొగడు మంచం మీద ఉన్నడు, ఈమెకు పంతం. నాకు ఆమె మీద గూడ కోపమొచ్చింది. మూడు దినాలు తిరిగిన ఇటూ అటూ. విఠల్ ఏమో ఆడదాని ముందల నేను చెప్పుడేంది అంటడు. నాలుగో దినం సార్ విఠల్‌ను ఎంటబెట్టుకొని మా ఊరికే వచ్చిండు. వచ్చి బోరింగ్ కాడ అనసూయను పిలిచిండు. ఆడ పది మంది ఆడోళ్ళున్నరు. "అనసూయ టంకం మంచిదే. వైరు ఫ్యాక్టరీల కోసిన్రు. తప్పు సూడకుంట మాట అన్నది మేము" అన్నడు. విఠల్ కాళ్ళ దిక్కు సూసుకుంట, "ఔ, నేనే తప్పన్న" అన్నడు. ఇనబడీ ఇనబడక అన్నడు గని, అన్నడు. అనసూయ బిందె నింపుకొని, "రేపొస్త సార్" అని ఇంటికి పోయింది.

నేను చిన్నత్తకు గూడ పోయి చెప్పిన. టంకం తప్పు కాదత్తా, గిట్ల వైరు కోసిన్రు అని. "అయితే కాలు సక్కగైతదా?" అన్నది. ఫ్యాక్టరీవోళ్ళు నర్సింలును గేటు కాడ కూసోబెట్టిన్రు, చాలా ఏండ్లు చేసిండు. ఆయన మాత్రం ఎన్నడు ఎవర్నీ ఏమనలే.

దాని సంది సార్ ప్రతి జోడి వైరుకు రేకు బిళ్ళ కట్టిపిచ్చిండు. ఎర్ర రంగుతోని "కోయొద్దు" అని నేనే రాస్తుంటి. తెలుగుల రాస్తె హిందీవోడు కోసిండు. హిందీల రాపిస్తె జిన్నారం దిక్కు ఒక తెలుగాయన కోసిండు. రెండిట్ల రాస్తె ఒకడు బిళ్ళనే కోసి పారేసిండు. నవ్వకు. నాకు నవ్వు రాకపోతుండె గప్పుడు. నువ్వు గూడ రేపు కొలువుల పడ్తవు. కంటికి ఎక్కువ కనబడ్డదాన్ని కొలవకుంట కోయకు. నా మాట ఇంటవో ఇనవో, నీ ఇష్టం.

అనసూయ పనికి వచ్చింది గని, ఒక ఆరు నెలలు నాతోని అన్నం తినలే. మాట్లాడుతుండె. ఉప్పు కావాలంటే ఇస్తుండె. డబ్బా మాత్రం తన బల్ల కాడనే ఇప్పుకుంటుండె. తర్వాత మెల్లగ మల్ల కలిసినం. అనసూయ బిడ్డ పెండ్లికి నేనే ముందల నడిచిన. గా దినం సంగతి మాత్రం ఆమె ఎత్తలే, నేను ఎత్తలే.

ఇంటింటికి కేబుల్ వైరు వచ్చింది, తర్వాత గిన్నెల డిష్‌లు వచ్చినయి, చేతులల్ల సెల్లులు వచ్చినయి. యాంటెన్నాలు ఎవరికి కావాలె. రెండు వేల నాలుగో ఐదో, సార్ షెడ్డు మూసేసిండు. ఆఖరి దినం ఇద్దరం పటాన్‌చెరుల బస్సు కోసం నిలవడ్డం. లారీలు పోతున్నయి, దుమ్ము. గప్పుడడిగింది. ఎట్ల అడిగిందంటే, బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు అడిగింది.

"విఠల్ నన్ను పొమ్మన్న దినం నువ్వెందుకు మాట్లాడలే?"

పద్దెనిమిదేండ్లైనంక బిడ్డా. నేను అబద్ధం చెప్పొచ్చు. చెప్పలే.

"కోత నాది తప్పైందేమోనని భయమైందే" అన్న.

"నాకెరుకే" అన్నది.

"ఎరుకైతే మల్ల ఎందుకడిగినవు?"

"నువ్వు చెప్తవో లేదో అని."

బస్సు వచ్చింది. ఆమె ముందెక్కి, కిటికీ పక్కన కూసోని, తన సంచి ఒళ్ళ పెట్టుకొని నాకు జాగ ఉంచింది.

గిప్పుడు ఆమెకు సక్కగ కనబడ్తలే, మొన్ననే కంటికి ఆపరేషన్ చేపిచ్చిన్రు. పోవాలె ఒకసారి, నువ్వు తోలుకపో, సెలవున్ననాడు. సాలుగాని ఇగ బంద్ చెయ్యి ఆ ఫోను. నువ్వు మంచిగ సదువుకొని, నలుగురిల నీ మాట నువ్వు చెప్పుకునే ధైర్యం ఉండాలె బిడ్డా, గంతకు మించి నాకేం అక్కర లేదు. తిన్నవా పొద్దుగాల? తినలే గదా. కూసో, నేను...